బ్లాక్ విమెన్ కోసం పెట్టిన రైటర్ మీటింగ్‌కి వెళ్ళాను, టాపిక్ పితృస్వామ్యం, కానీ మగాళ్ళ కంటే చట్టాల గురించే ఎక్కువ మాట్లాడారు, ఎందుకు?

నీలిమబ్బు:

అందరికీ నమస్తే. ఇక్కడ అమెరికాలో మా ఆఫీసులో పనిచేసే ఫ్రెండ్ ఒకావిడ, తను బ్లాక్, వాళ్ళ బుక్ క్లబ్ వాళ్ళు ఒక రైటర్‌ని పిలిచి మాట్లాడిస్తున్నారు వస్తావా అంటే వెళ్ళాను. పోస్టర్ మీదే బ్లాక్ విమెన్ కోసం అని రాసుంది, మరి నేను రావచ్చా అంటే "నా గెస్ట్‌గా రా, వెనక కూర్చుని విను, మైక్ మాత్రం అందుకోకు" అని నవ్వుతూనే చెప్పింది, సరే అన్నా.

నేను ఏమనుకున్నానంటే ఇంట్లో తండ్రి పెత్తనం, మొగుడి పెత్తనం, చర్చిలో పాస్టర్ పెత్తనం ఇలాంటివి మాట్లాడతారని. ఆ రైటర్ మొదలుపెట్టడమే 1600ల్లో వర్జీనియా పన్నుల దగ్గర మొదలుపెట్టింది. పొగాకు, కోర్టు కేసులు, తర్వాత తెల్ల ఆడవాళ్ళు. చాలాసేపు ఒక్క బ్లాక్ మగాడి ప్రస్తావన కూడా లేదు. చివర్లో ప్రశ్నల టైంలో ఒక పెద్దావిడ లేచి "అవన్నీ సరే తల్లీ, 1963లో మనల్ని వేరే రోడ్డు మీద నడిపించింది ఎవరు, వాళ్ళు తెల్లవాళ్ళా?" అంది. సగం హాలు చప్పట్లు, సగం హాలు గమ్మున ఉండిపోయింది. ఇంకొకావిడేమో "ఇవి మనలో మనం మాట్లాడుకోవాలి, రికార్డింగ్ ఆపండి" అంది, దానికి మళ్ళీ గోల.

నాకు మూడు అర్థం కాలేదు. పితృస్వామ్యానికీ పన్నుకీ ఏంటి సంబంధం, 1963లో ఏం జరిగింది, రికార్డింగ్ ఎందుకు ఆపమన్నారు. ఫ్రెండ్‌నే అడగొచ్చు గానీ ప్రతిదీ తనే కూర్చోబెట్టి నాకు క్లాసు చెప్పాలా అనిపించి ఇక్కడ అడుగుతున్నా.

పాతకాగితాలు:

నీలిమబ్బు గారూ, పన్ను దగ్గర మొదలుపెట్టిందంటే ఆ రైటర్‌కి సబ్జెక్ట్ తెలుసు, నేనైనా అక్కడే మొదలుపెడతా.

1643లో వర్జీనియా (అప్పుడది ఇంగ్లీషు వాళ్ళ కాలనీ) అసెంబ్లీ పన్ను కట్టాల్సిన వాళ్ళ లిస్టులో పదహారేళ్ళు నిండిన ఆఫ్రికన్ ఆడవాళ్ళని చేర్చింది. అప్పటిదాకా అది మగ కూలీల మీద, మగవాళ్ళ మీద వేసే తలపన్ను. ఇంగ్లీషు ఆడవాళ్ళ మీద లేదు. అంటే ఇంగ్లీషావిడ మొగుడి చాటు మనిషి, ఇంటి మనిషి, ఆఫ్రికన్ ఆవిడ పొలంలో మగాడితో సమానంగా లెక్కేసే కూలి. సమానం అంటే ఇక్కడ అదొక్కటే సమానం. 1668లో ఇంకా ముందుకెళ్ళి, స్వేచ్ఛ వచ్చిన నల్ల ఆడవాళ్ళు కూడా ఈ పన్ను కట్టాల్సిందే, ఇంగ్లీషు వాళ్ళకున్న మినహాయింపులన్నీ వీళ్ళకి ఇవ్వక్కర్లేదు అని చట్టంలోనే రాసేశారు. దాంతో ఒక స్వేచ్ఛాజీవి అయిన నల్ల మగాడు పెళ్ళి చేసుకుంటే భార్య పేరు మీద కూడా పన్ను కట్టుకోవాలి, పక్కింటి తెల్లాయనకి ఆ బాధ లేదు. పితృస్వామ్యం ఇంటి గుమ్మం దాకా రాకముందే పన్ను చిట్టాలో కూర్చుంది అన్నమాట.

దీనికంటే పెద్దది 1662 చట్టం. ఇంగ్లీషు ఆచారం ప్రకారం బిడ్డ హోదా తండ్రిని బట్టి. ఎలిజబెత్ కీ అని ఒకావిడ, తల్లి ఆఫ్రికన్ బానిస, తండ్రి ఇంగ్లీషాయన, ఈ వాదన పట్టుకునే కోర్టుకెళ్ళి 1656లో స్వేచ్ఛ గెలుచుకుంది. ఆరేళ్ళు తిరిగేసరికి అసెంబ్లీ రూలు తిరగేసింది, ఇక నుంచి బిడ్డ బానిసా కాదా అన్నది తల్లిని బట్టి మాత్రమే అని. ఎంత తెలివో చూడండి, తండ్రి పేరు తండ్రి ఆస్తి అని అంత పట్టింపు ఉన్న సమాజం ఒక్క నల్ల ఆడదాని దగ్గరికి వచ్చేసరికి తండ్రిని కాగితం మీద నుంచి తీసేసింది. యజమాని ఆమెని చెరిచి బిడ్డని కంటే ఆ బిడ్డ కొడుకు కాదు, ఆస్తి. తప్పు చేసినవాడికి శిక్ష లేకపోగా లాభం. 1808 నుంచి బయటి నుంచి బానిసల్ని తేవడం నిషేధించారు, అయినా 1810 జనాభా లెక్కల్లో దాదాపు 12 లక్షలున్న బానిసలు 1860కి దాదాపు 40 లక్షలు అయ్యారు. ఆ పెరుగుదల ప్రధానంగా ఈ తల్లుల కాన్పుల్లోంచి వచ్చిందే.

మిస్సోరీలో సీలియా కేసు కూడా చూడండి. పద్నాలుగేళ్ళప్పుడు కొన్న యజమాని ఏళ్ళ తరబడి ఆమెని చెరిచాడు, 1855లో ఒకరాత్రి మళ్ళీ వస్తే కొట్టి చంపింది. ఆ రాష్ట్ర చట్టంలో "ఏ స్త్రీనైనా" బలవంతం చేస్తే నేరం అనే ఉంది, ఆమె లాయర్లు అదే చెప్పారు, ఏ స్త్రీ అయినా అంటే ఈమె కూడా కదా అని. ఆ మాట జ్యూరీకి చెప్పడానికే జడ్జి ఒప్పుకోలేదు. డిసెంబర్ 21న ఉరి తీశారు. నాకు ఈ కేసు చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

తెల్ల ఆడవాళ్ళ సంగతి ఎందుకొచ్చిందంటే, వాళ్ళు కూడా బానిసల యజమానులే. కూతురి పెళ్ళికి బానిసని కానుకగా ఇవ్వడం మామూలు, మొగుడు ఆ ఆస్తిని ముట్టుకోకుండా ట్రస్టు కాగితాలు రాయించుకున్న వాళ్ళూ ఉన్నారు. మొగుడి ముందు హక్కు లేని ఆడది ఇంకో ఆడదాని మీద పూర్తి హక్కున్న యజమానురాలు. ఇది చెప్పకుండా అమెరికాలో ఆడవాళ్ళందరూ ఒక్కటే అంటే ఆ హాల్లో ఎవరూ ఒప్పుకోరు.

రవ్వంత:

చదివా, బాగుంది, కానీ నాకో డౌటు ఉంది, ఎవరూ ఫీల్ అవ్వొద్దు. పెద్ద శత్రువు జాతి వివక్ష అయినప్పుడు మధ్యలో ఆడ మగ అని తెస్తే ఉద్యమం చీలదా? లించింగ్‌లో (విచారణ లేకుండా గుంపుగా పడి చంపడం) చచ్చిపోయింది ఎక్కువ మంది మగాళ్ళే కదా. జైళ్ళలో ఉన్నదీ ఎక్కువ వాళ్ళే. ఆ పెద్దావిడ ప్రశ్న కంటే గమ్మున ఉన్న సగం హాలే నాకు కరెక్ట్ అనిపిస్తోంది.

సూటిగా_చెప్తా:

రవ్వంత బ్రో, ఈ వాదన ఆ ఆడవాళ్ళు పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. లించింగ్ అన్నావు కాబట్టి అక్కడి నుంచే చెప్తా. లించింగ్‌ల మీద దేశం మొత్తం తిరిగి లెక్కలు తీసి రాసింది ఎవరు? ఐడా బి వెల్స్, ఆడమనిషే. 1892 మార్చిలో మెంఫిస్‌లో ఆమె స్నేహితుడు థామస్ మాస్‌ని, అతనితో పాటు ఇంకో ఇద్దరిని చంపేశారు, వాళ్ళ కిరాణా కొట్టు పక్కనున్న తెల్లాయన కొట్టుకి పోటీ అయింది అదీ నేరం. తెల్ల ఆడవాళ్ళ మీద అత్యాచారం అనే ఆరోపణ చాలాసార్లు సాకు మాత్రమే అని ఆమె పేపర్లో రాస్తే ఆఫీసు ధ్వంసం చేశారు, ఆవిడ మళ్ళీ ఆ ఊళ్ళో అడుగుపెట్టలేని పరిస్థితి. అదే రాతల్లో ఇంకోటి కూడా అడిగింది, తెల్ల మగాళ్ళు నల్ల ఆడపిల్లల్ని చెరుస్తుంటే ఒక్కడికీ ఉరి లేదేంటి అని. మగాళ్ళ ప్రాణాల కోసం కొట్లాడుతూనే ఆడవాళ్ళ సంగతి కూడా అడిగింది, ఏమీ చీలిపోలేదు.

ఇప్పుడు 1963. ఆగస్టు 28 వాషింగ్టన్ మార్చ్, నల్లవాళ్ళ హక్కుల కోసం, మార్టిన్ లూథర్ కింగ్ ఆ పెద్ద ప్రసంగం చేసిన రోజు. ఏర్పాట్ల కమిటీలో ఉన్న ఒక్కగానొక్క ఆడమనిషి అన్నా ఆర్నాల్డ్ హెడ్జ్‌మన్, ముఖ్య వక్తల్లో ఒక్క స్త్రీ కూడా లేదేంటి అని ముందే రాతపూర్వకంగా అడిగింది. చివరికి ఏం చేశారంటే మహిళా యోధులకి నివాళి అని ఒక చిన్న ఐటెం పెట్టి, ఆర్కాన్సా ఉద్యమ నాయకురాలు డైసీ బేట్స్‌తో నాలుగు ముక్కలు మాట్లాడించారు. మహేలియా జాక్సన్ పాడింది, అంటే పాటకి పనికొచ్చారు. మగ నాయకులు కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ మీద నడిస్తే రోసా పార్క్స్ లాంటి వాళ్ళని నాయకుల భార్యలతో కలిపి ఇండిపెండెన్స్ అవెన్యూ మీద నడిపించారు. ఆ సాయంత్రం అధ్యక్షుడు కెనెడీని కలవడానికి వెళ్ళిన బృందంలో ఆడవాళ్ళు లేరు. పెద్దావిడ అడిగిన వేరే రోడ్డు అదే. ఆ టైంకి ఆవిడ చిన్నపిల్లో కుర్రదో అయ్యుంటుంది, ఇంకా గుర్తుంది చూడు.

ఇంకా ఉంది. అలబామాలోని మాంట్‌గోమరీలో 1955లో బస్సులో తెల్లవాళ్ళకి సీటు ఇవ్వనన్నది ఎవరంటే అందరూ రోసా పార్క్స్ అంటారు, అలిసిపోయి కూర్చుండిపోయింది అని ఒక అమాయకపు కథ చెప్తారు. ఆవిడ 1944లోనే అలబామాలో రేసీ టేలర్ అనే ఆవిడని తెల్లవాళ్ళ గుంపు చెరిస్తే ఆ కేసు విచారణకి స్వయంగా వెళ్ళిన ఆర్గనైజర్. రెండు గ్రాండ్ జ్యూరీలు కేసే లేదన్నాయి, ఆ రాష్ట్ర చట్టసభ సారీ చెప్పింది 2011లో. పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు క్లాడెట్ కాల్విన్, పదిహేనేళ్ళ పిల్ల, అదే ఊళ్ళో సీటు ఇవ్వనంటే పోలీసులు ఈడ్చుకెళ్ళారు. పేదింటి పిల్ల, పైగా తర్వాత గర్భవతి అయింది, నాయకులు ఆమెని జనం ముందు పెట్టలేదు. కానీ 1956లో బస్సుల్లో వివక్షని కొట్టేయించిన కేసులో నలుగురు వాదుల్లో ఆ పిల్ల ఒకతె, మిగతా ముగ్గురూ ఆడవాళ్ళే. బస్సుల బాయ్‌కాట్ మొదలుపెట్టిన కరపత్రాలు రాత్రికి రాత్రి వేల కొద్దీ అచ్చేసింది జో ఆన్ రాబిన్సన్. ఎల్లా బేకర్ కింగ్ నడిపిన ఎస్‌సీఎల్‌సీ అనే సంఘం ఆఫీసు మొత్తం నిలబెట్టింది, పదవి మాత్రం తాత్కాలికం, పర్మనెంట్ అనేసరికి మగ పాస్టర్ వచ్చాడు.

చీల్చడం అంటావా, కోర్టులే చీల్చాయి వాళ్ళని. సెయింట్ లూయిస్‌లో ఐదుగురు బ్లాక్ ఆడవాళ్ళు జనరల్ మోటార్స్ మీద కేసేశారు. కంపెనీ 1964కి ముందు బ్లాక్ ఆడవాళ్ళని తీసుకోలేదు, తర్వాత తీసుకున్నా సీనియారిటీ లేదని ముందు వాళ్ళనే తీసేసింది. 1976లో కోర్టు ఏమందంటే, కంపెనీ ఆడవాళ్ళని తీసుకుంది (అంటే తెల్లవాళ్ళని) కాబట్టి ఆడవాళ్ళ మీద వివక్ష లేదు, జాతి వివక్ష అయితే బ్లాక్ మగాళ్ళ కేసుతో కలుపుకోండి, రెండూ కలిపి కొత్త కేటగిరీ ఇవ్వం అని. లా ప్రొఫెసర్ కింబర్లీ క్రెన్షా, జాతి వివక్ష ఆడ వివక్ష రెండూ ఒకేసారి పడటం గురించి 1989లో రాసిన వ్యాసంలో పట్టుకున్న కేసుల్లో ఇదొకటి.

రవ్వంత:

1963 సంగతి నిజంగా తెలీదు, థాంక్స్. కానీ నా పాయింట్ పూర్తిగా పోలేదు. బయటివాళ్ళ ముందు సొంత మగాళ్ళని తిడితే ఆ మాటలు ఎవరు వాడుకుంటారు? అది కూడా చెప్పండి.

తెరచాప:

రవ్వంత గారు చివరికి అసలు ప్రశ్నకి వచ్చారు, రికార్డింగ్ ఆపమనడానికి కారణం అదే.

1895లో మిస్సోరీ పత్రికల సంఘం అధ్యక్షుడొకాయన ఇంగ్లండ్‌కి ఒక ఉత్తరం రాశాడు, నల్ల ఆడవాళ్ళకి శీలం అనేదే లేదని. ఇంగ్లండ్‌లో లించింగ్ మీద వెల్స్ చేసిన ప్రచారానికి అది సమాధానం అన్నమాట. దానికి కోపం వచ్చి బ్లాక్ ఆడవాళ్ళు బోస్టన్‌లో సభ పెట్టారు, మరుసటేడు 1896లో దేశవ్యాప్త సంఘం పెట్టుకున్నారు, మేరీ చర్చ్ టెరెల్ మొదటి అధ్యక్షురాలు. ఇక అప్పట్నుంచీ బట్ట దగ్గర్నుంచి నడక దాకా అంతా జాగ్రత్త, ఒక్కరు వేలెత్తి చూపించకూడదు అని. చరిత్రకారిణి డార్లీన్ క్లార్క్ హైన్ 1989లో రాసింది కదా, ఈ ఆడవాళ్ళు బయటికి అంతా తెరిచినట్టు కనిపిస్తూ లోపలి జీవితం, ముఖ్యంగా అత్యాచారాల భయం, ఎవరికీ కనపడకుండా దాచుకోవడం నేర్చుకున్నారని. ఊళ్ళకి ఊళ్ళు వదిలి ఉత్తరాదికి వలస పోయిన వాళ్ళలో జీతం కోసం పోయినవాళ్ళే కాదు, యజమాని నుంచో మొగుడి నుంచో తప్పించుకుని పోయినవాళ్ళు కూడా ఉన్నారు, ఎందుకొచ్చావు అంటే మాత్రం పని కోసం అనే చెప్తారు.

1965లో ఇంకోటి జరిగింది. మోయ్నిహాన్ అని లేబర్ శాఖలో అధికారి, నీగ్రో కుటుంబం మీద ఒక ప్రభుత్వ రిపోర్టు రాశాడు. అందులో సారాంశం, ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ పెత్తనం ఎక్కువైంది, మగాడు వెనకబడ్డాడు, దాంతో సమాజమే వెనకబడింది అని. రెండొందల ఏళ్ళు బిడ్డని తల్లిని బట్టే బానిస అని లెక్కేసి, ఇప్పుడు తల్లి బలంగా ఉండటమే జబ్బు అన్నారు. బయటినుంచి రిపోర్టు ఇలా వచ్చాక లోపల మగాడి మీద ఏ మాట అన్నా "నువ్వు కూడా మోయ్నిహాన్ మాటే చెప్తున్నావా" అని, ఆడదాని బలం గురించి ఏమన్నా "అదిగో పెత్తనం" అని. ఎటు మాట్లాడినా తప్పే. అందుకే తలుపు వేసుకుని మాట్లాడుకునే గది కావాలి వాళ్ళకి. గది పెట్టుకోవడం మగాళ్ళ మీద ద్వేషంతో కాదు. బోస్టన్‌లో కాంబహీ రివర్ కలెక్టివ్ అనే బ్లాక్ ఫెమినిస్టుల బృందం 1977 ప్రకటనలో స్పష్టంగానే రాశారు, జాతి వివక్ష మీద నల్ల మగాళ్ళతో కలిసి పోరాడతాం, ఆడవాళ్ళ మీద పెత్తనం గురించి అదే మగాళ్ళతో పోరాడతాం అని. ఆ పేరు కూడా బానిసత్వం నుంచి తప్పించుకుని ఇతరుల్ని విడిపించిన హ్యారియట్ టబ్మన్ 1863లో 700 మందికి పైగా బానిసల్ని విడిపించిన చోటున్న నది పేరే.

నీలిమబ్బు గారు మైక్ తీసుకోకపోవడం మంచి పనే. అలాంటి చోట మన ప్రశ్న ఒకటి అడిగితే, ఎంత మంచి ప్రశ్న అయినా సరే, మిగతా టైం మనకి వివరించడానికే పోతుంది.

నీలిమబ్బు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. పాతకాగితాలు గారూ ఒక్కటి మిగిలింది. బానిసత్వంలో నల్ల మగాడికి చట్టంలో తండ్రి హోదానే లేదు కదా, మరి ఇంటి పెద్ద అనే పెత్తనం వాళ్ళకి ఎప్పుడొచ్చింది, ఎవరిచ్చారు? ఇంకా చదవడానికి ఒకటి రెండు చెప్పండి, మరీ లావు పుస్తకాలు వద్దు.

పాతకాగితాలు:

మంచి ప్రశ్న, దీనికి కూడా కాగితాలున్నాయి. 1865లో ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో (విడుదలైన బానిసల కోసం పెట్టిన ప్రభుత్వ శాఖ) వచ్చింది, పెళ్ళిళ్ళు రిజిస్టర్ చేసింది. పెళ్ళి చట్టబద్ధం అవ్వాలని ఆ జనం ఎంతగా కోరుకున్నారో, అమ్మేసిన భార్యని వెతుక్కుంటూ రాష్ట్రాలు దాటి నడిచినవాళ్ళు ఉన్నారు. కానీ అదే బ్యూరో భర్తని ఇంటి పెద్ద అని రాసింది, పొలం కాంట్రాక్టుల్లో కుటుంబం మొత్తం తరఫున అతను సంతకం పెట్టొచ్చు, భార్య కూలి కూడా అతని చేతికే రావచ్చు. ఆడవాళ్ళు ఊరుకోలేదు, నా కూలి నాకివ్వలేదు, కొడుతున్నాడు అని భర్తల మీద బ్యూరో ఆఫీసుకే వెళ్ళి ఫిర్యాదులు ఇచ్చారు. మరోపక్క పొలం పని మానేసి ఇంట్లో పిల్లల్ని చూసుకుందామనుకున్న ఆడవాళ్ళని చూసి ప్లాంటర్లు "దొరసాని వేషాలు" అని ఏడ్చారు. తెల్లావిడ ఇంట్లో ఉంటే మర్యాద, నల్లావిడ ఉంటే బద్ధకం! అంటే పెత్తనం హక్కుతో పాటు ఒకే కవర్లో వచ్చింది, నా ఉద్దేశంలో ఆ రైటర్‌కి టైం దొరికుంటే పెద్దావిడకి ఇదే చెప్పేది.

చర్చి సంగతి కూడా ఒక్క ముక్క. ఏఎంఈ అనే నల్లవాళ్ళ చర్చిలో జరీనా లీకి దేవుడి మాట చెప్పాలనిపించి అడిగితే మొదట కాదన్నారు, 1819లో చర్చిలో పాస్టర్ తడబడుతుంటే లేచి తనే ప్రసంగం అందుకుంది, అప్పుడు ఆ చర్చి బిషప్ రిచర్డ్ అలెన్ ఒప్పుకున్నాడు. అదే ఏఎంఈ చర్చిలో మొదటి మహిళా బిషప్ వచ్చింది 2000లో.

పుస్తకాలంటే ముందు హ్యారియట్ జేకబ్స్ ఆత్మకథ, 1861. నార్త్ కరోలినాలో యజమాని నుంచి తప్పించుకోవడానికి అమ్మమ్మ ఇంటి అటక మీద నిలబడ్డానికి కూడా ఎత్తు లేని చోట దాదాపు ఏడేళ్ళు దాక్కుంది. మారుపేరుతో రాసింది కాబట్టి చాలాకాలం చాలామంది పండితులు ఇది కల్పన అన్నారు, 1980ల్లో జీన్ ఫేగన్ యెల్లిన్ ఉత్తరాలు, రికార్డులు తవ్వి నిజమే అని నిరూపించింది. బ్లాక్ రైటర్లు మీటింగుల్లో కోర్టు కాగితాలు అంతలా చదువుతారెందుకో దీన్నిబట్టే అర్థమవుతుంది, వాళ్ళ ఆడవాళ్ళ మాట ఊరికే ఎవరూ నమ్మలేదు. తర్వాత అన్నా జూలియా కూపర్ 1892 వ్యాసాలు. ఆవిడ బానిసగా పుట్టి 1925లో పారిస్‌లో డాక్టరేట్ తీసుకుంది, అన్ని విషయాల్లో ముందున్న మన మగాళ్ళు ఆడవాళ్ళ విషయం వచ్చేసరికి పదహారో శతాబ్దంలోకి జారిపోతారు అని ఆ రోజుల్లోనే అచ్చులో పెట్టింది, రికార్డింగ్ ఆపమనలేదు. రెండింటికీ కాపీరైట్ అయిపోయింది, ఆన్‌లైన్‌లో ఫ్రీగానే దొరుకుతాయి, కూపర్ భాష కొంచెం పాతది కాబట్టి జేకబ్స్ అయ్యాకే ముట్టుకోండి.